నాన్నను పన్నెండేళ్ళు ముసలివాణ్ణి చేసిన రేషన్ కార్డు

ట్రంకు పెట్టె సర్దుతుంటే మా పాత రేషన్ కార్డు దొరికింది. ఇంకా కిరసనాయిలు వాసనే! ఆ క్యూలు గుర్తున్నాయా? క్యూల సంగతి ఎత్తితే నేను ఆగను గానీ, అసలు విషయం చెబుతాను.

ఎమర్జెన్సీ రోజులు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లకు మగవాళ్ళను పట్టుకుపోతున్నారని మేముండే భాలుబాసా బస్తీ అంతా గుసగుసలు. ఒక పగలు పుస్తకం పట్టుకుని ఒకాయన మా గుమ్మంలోకి వచ్చి నాన్న వయసు అడిగాడు. నాన్న పుట్టింది ఉప్పు సత్యాగ్రహం ఏడు. నాన్నమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది.

“మొదటి పెద్ద యుద్ధం ఆగిపోయిన ఏడు బాబూ. ముసిలోడు.”

“అప్పటికి నీకెన్నేళ్ళమ్మా?”

“మా కాలంలో వయసులెక్కడివి బాబూ!”

ఆయన లెక్కగట్టి కార్డులో యాభై ఎనిమిది అని రాసేశాడు.

రెండేళ్ళకు, కంపెనీలో ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు, కింద పనిచేసే నాన్నకు పర్మినెంటు అయ్యే అవకాశం వచ్చింది. వయసుకు రుజువు ఆ కార్డొక్కటే. గుమాస్తా చూసి, “అరవై నిండాయిగా!” అన్నాడు. నాన్నమ్మ ఆఫీసుకే వెళ్ళి ఉప్పు సత్యాగ్రహం మొత్తం చెప్పింది.

“క్యా మాఁజీ, ఏడాదికో పుట్టుకా?” అన్నాడాయన.

“అప్పుడు అబద్ధం చెప్తే రాసుకున్నారు. ఇప్పుడు నిజం చెప్తంటే నమ్మరేటి?”

నమ్మలేదు. నాన్న చివరిదాకా ఠేకా పనిలోనే ఉండిపోయాడు.

ఆ పుస్తకం మనిషి ఆపరేషన్ల కోసం వచ్చాడో, ఒట్టి రేషన్ లెక్కలకే వచ్చాడో ఇప్పటికీ తెలియదు. నాన్న కూడా ఎన్నడూ ఆరా తీయలేదు. ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడు మా చెల్లి పుట్టింది మరి.