ఒకే ఫ్యూజు మీద ఇద్దరు

ఆ పాత భవనం మూడో అంతస్తులో బట్టలు కుట్టే ఆవిడను అందరూ టైలరమ్మ అనే పిలిచేవారు. గోడల్లోని తీగలు ఆవిడ ఆ ఇంటికి రాకముందెప్పుడో వేసినవి. ఇంటికో దీపం, ఓ ఫ్యాను ఉంటే చాలనుకున్న కాలం నాటివి. వాటి మీదే ఆవిడ మోటారు మిషను, ఇస్త్రీ పెట్టె, ఫ్రిజ్జు, నీళ్లు కాచే హీటరు నెట్టుకొచ్చింది. ఏది వేయాలంటే ఏది ఆపాలో ఆవిడకు కొట్టినపిండి. ఇస్త్రీ చేసేటప్పుడు ఫ్రిజ్జు ఆగాలి. హీటరు వేస్తే ఇంకేదీ ముట్టకూడదు. బల్బు కాస్త కళ తప్పితే చాలు, కుట్టు ఆపకుండానే "ఎవరది స్విచ్చి వేసింది?" అని కేక పెట్టేది.

బస్సు నడిపే భర్త గడ్డం గీసుకుంటూ నవ్వేవాడు. "బస్సు నిండా జనం ఎక్కినా ఇంత గొడవ ఉండదే!"

"మీ బస్సు ఆగితే జనం దిగి నడుస్తారు. ఇది ఆగితే మెట్లన్నీ దిగి ఫ్యూజు కట్టేది నేను."

అలా సర్దుకుపోతున్న ఇంట్లోకి భర్త అక్క వచ్చి చేరింది. ఆసుపత్రిలో నర్సుగా చేసి మానేసిన మనిషి. ఊపిరితిత్తులు దెబ్బతిని, రోజూ కాసేపు ఆక్సిజన్ యంత్రం పెట్టుకోవాలి. యంత్రం, ఇస్త్రీ పెట్టె కలిసి నడిస్తే ఫ్యూజు ఎగిరిపోతుంది. పొద్దున, సాయంత్రం తన యంత్రానికీ, మధ్యాహ్నం ఇస్త్రీకీ అని వదినే ఒప్పందం పెట్టింది.

కొన్నాళ్లు బాగానే గడిచింది. ఒకనాడు, కుట్టిన జాకెట్టు వేసి చూసుకుంటున్న పాత ఖాతాదారుతో వదిన, "భుజం దగ్గర ఎత్తుకుందమ్మా" అనేసింది. ఆ వచ్చినావిడ మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు. టైలరమ్మకు తల కొట్టేసినట్టయింది.

"ఇంజెక్షన్లు పొడిచిన దానివి, కత్తెర సంగతి నీకెందుకు వదినా?" అంది.

వదిన మొహం మాడ్చుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. యంత్రం ఆపాక వదిన గోడ మీద కొట్టేది. ఆ చప్పుడు వింటే టైలరమ్మ ఇస్త్రీ పెట్టేది. అంతవరకే.

ముసురు పట్టింది. తడిగాలికి వదినకు ఆయాసం ఎక్కువైంది. ఓ బడివాళ్లు ఇచ్చిన చొక్కాలు గుట్టగా పేరుకుని ఉంటే, మధ్యాహ్నం టైలరమ్మ ఇస్త్రీకి కూర్చుంది. గుండీల డబ్బా కోసం లోపలి గదిలోకి వెళ్లింది. వదిన మంచం అంచున కూర్చుని, మోకాళ్ల మీద చేతులు ఆనించి ముందుకు వంగిపోయి ఉంది. ముక్కుకు గొట్టం తగిలించుకుంది గానీ యంత్రం నడవడం లేదు. పెదవులు నీలంగా మారాయి.

టైలరమ్మ పరుగున వెళ్లి ఇస్త్రీ ప్లగ్గు పీకేసి, తిరిగొచ్చి యంత్రం స్విచ్చి వేసింది. వదిన భుజాలు పట్టుకుని అలాగే నిలబడింది. చాలాసేపటికి గానీ ఊపిరి దారిన పడలేదు.

"నోరు తెరిచి ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయింది వదినా?"

"ఇస్త్రీ... నడుస్తోందిగా."

"నడిస్తే? చొక్కాలు చచ్చిపోతాయా?"

"నీతో మాట్లాడనని ఒట్టు పెట్టుకున్నా."

"ఎవరి మీద?"

"నా మీదే."

టైలరమ్మకు నవ్వు రాలేదు. అప్పటిదాకా లేని భయం అప్పుడు పట్టుకుంది. పెదవులు నీలంగా మారితే ఏమవుతుందో నర్సుకు తెలియనిది కాదు. తెలిసే కూర్చుంది. టైలరమ్మ యంత్రం పక్కనే నేల మీద కూర్చుంది.

మర్నాడు ఎలక్ట్రీషియన్ వచ్చి గోడలు తట్టి చూశాడు. "లోపలి తీగలు కదిపామంటే పొడిపొడి అవుతాయమ్మా. మీటరు దగ్గర్నుంచి విడిగా ఒక్క లైను పైపైన లాగుతాను. అంతకు మించి ఈ భవనం మోయదు. ఇస్త్రీ బల్ల దగ్గరికేగా?"

"కాదు. లోపలి గదికి."

అతను గోడ పొడుగునా తీగ దూర్చిన తెల్ల గొట్టం బిగించి వెళ్లాడు. వదిన అంతా చూస్తూ ఉండిపోయింది. క్షమించమని ఆవిడా అనలేదు, టైలరమ్మా అనలేదు. సాయంత్రం కాఫీలు మాత్రం ఒకేచోట కూర్చుని తాగారు.

భర్త డ్యూటీ దిగి వచ్చి గుమ్మంలోనే ఆగాడు. "ఇదేంటి, గోడ మీద?"

"మీ అక్క యంత్రానికి" అంది టైలరమ్మ, ఫ్రిజ్జు ఆపి మిగిలిన చొక్కాలు ముందేసుకుంటూ.

"ఒరేయ్, గొడుగు బయట పెట్టు. ఇల్లంతా నీళ్లు" అని లోపలి నుంచి వదిన కేక.

అతను గొడుగు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"వదిన చెప్తోంది వినబడలేదా?" అంది టైలరమ్మ.