మోగని సైరన్

కుక్కర్ విజిల్ వేసే ముందు సన్నగా బుసకొడుతుంది చూశారూ, ఆ చప్పుడు వింటే ఇప్పటికీ నా చేతిలో గరిటె ఆగిపోతుంది. విజిల్ పడేదాకా ఊపిరాడదు. మా ఇంట్లోవాళ్ళు నవ్వుతారు. నవ్వుకోనివ్వండి, వాళ్ళకు దమయంతి మేడం తెలియదు.

పలాసలో బైకుల మెకానిక్ షాపు మేడమీద, రెండు గదుల్లో సాఫ్ట్‌వేర్ ఆఫీసు నడిపేవారావిడ. సొంతూరు కవిటి. నా మొదటి ఉద్యోగం అక్కడే. కింద సుత్తి దెబ్బల్ని మించిన గొంతు ఆవిడది, తిట్టారంటే వీధంతా వినాల్సిందే.

ఒక జీడి ఫ్యాక్టరీకి ప్రోగ్రాం రాశాం. జీడిపిక్కలుడికించే బాయిలర్లో ఆవిరి ఒత్తిడి హద్దు దాటితే కంప్యూటర్ సైరన్ మోగించాలి. ఎక్కువైన ఆవిరిని వదిలే పాత వాల్వు మీద ఎవరికీ నమ్మకం లేదు, దాని పక్కనే ఆడవాళ్ళు గంపలు మోస్తుంటారు. నా లాప్‌టాప్‌లో సైరన్ గొంతు చించుకుంది. కోడునంతా ఒక్క ఫైలుగా, నొక్కితే చాలు నడిచే అప్లికేషన్‌గా కట్టి ఫ్యాక్టరీ కంప్యూటర్లో పెట్టాం. పరీక్షకని, ఒత్తిడి హద్దు దాటినట్టు దొంగ అంకె ఇచ్చాను. చడీ చప్పుడూ లేదు. మళ్ళీ ఇచ్చాను. ఊహూఁ! అదే కోడు నా లాప్‌టాప్‌లో నడిపితే మాత్రం దివ్యంగా మోగింది.

"నా దగ్గర బాగానే ఉంది మేడం," అన్నాను, చెమటలు తుడుచుకుంటూ.

"అయితే నీ లాప్‌టాపుని బాయిలర్ కాడ కట్టేసి పోతావేటే గుంటా?"

ఇంతలో ఓనరు వచ్చాడు. "పిక్కలు ఎక్కించేసేం మేడం గారూ, మంట ఎట్టించేత్తాను. సైరన్ రేపు సూసుకోండి."

మేడం వెళ్ళి బాయిలర్‌కి అడ్డంగా నిలబడ్డారు. "అది మోగిందాకా మంట ఎట్టనీను."

ఆయన ముఖం జేవురించింది. ఆయన పచార్లు చేస్తుంటే నేను కోడును మొదటి నుంచి వెతకసాగాను. అప్లికేషన్ అందంగా ఉండాలని, తప్పులు కనబడే నల్ల తెరను దాచేసి కట్టాం. మేడం అది గుర్తుచేశారు. "ముందది తెరువు. నోరు నొక్కేసి, ఎక్కడ నొప్పో సెప్పమంటే ఎలా సెప్తాదే?"

తెరిచి మళ్ళీ కట్టాను. కనబడింది! సైరన్ శబ్దం ఉన్న ఫైలు దొరకలేదట. ఓరి నాయనో, నా లాప్‌టాప్‌లోని ఫోల్డర్ కోసం ఇక్కడ వెతుకుతోంది! ఆ ఫైలును కూడా లోపల పెట్టి, అక్కడే వెతుక్కోమని రాసి కట్టాను. దొంగ అంకెకు మోగింది. బతికానురా దేవుడా అని సంచి సర్దుకున్నాను.

మేడం కదల్లేదు. తక్కువ ఒత్తిడికే మోగేలా హద్దును బాగా కిందికి దించమన్నారు. ఆడవాళ్ళను బయటికి పంపి మంట పెట్టించారు. స్టూలు లాక్కుని బాయిలర్ పక్కనే కూర్చుని, ఇంకో స్టూలు కాలితో నా వైపు తోశారు.

"కూకో. నువ్వు కూకోలేని సోట ఆళ్ళని నిలబెట్టకు."

కూర్చున్నాను. ఆవిరి బుసకొడుతోంది, మీటరు ముల్లు పైకి పాకుతోంది. భయమేసి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఆ చెయ్యీ చల్లగానే ఉంది. అప్పుడు మోగింది సైరన్.

మేడం ఇప్పుడు లేరు. నా దగ్గర పనిచేసే పిల్లలు "మా సిస్టంలో బాగానే ఉంది" అంటే తిట్టను. "సరే పదండి, అది నడవాల్సిన చోటికే వెళ్ళి కూర్చుందాం" అంటాను. కూర్చున్న ప్రతిసారీ నా చెయ్యి చల్లబడుతుంది. పట్టుకోవడానికి ఆ చెయ్యి లేదు.