బేరూత్‌కి పాల డబ్బాలు

ఎనభై ఏడు వేసవిలో డెట్రాయిట్ దగ్గర నోవైలో ఉండే నా స్నేహితురాలు సుజాత రమ్మని ప్రాణం తీస్తుంటే, అరోరా నుంచి షికాగో వచ్చి ఉదయం తొమ్మిదిన్నరకి డెట్రాయిట్ రైలెక్కాను. టిక్కెట్టు ముప్పై డాలర్ల లోపే. రైల్లో అమ్మే చప్పిడి శాండ్‌విచ్ నాకు సయించదు కనక పులిహోర కట్టుకెళ్ళాను.

ఎదుటి సీట్లో సల్మా అనే లెబనాన్ ఆవిడ. డెట్రాయిట్ పక్కనే డియర్‌బార్న్‌లో కాపురం. షికాగోలో చుట్టాలింట్లో సామాన్లు కొని సర్దుకుని తిరిగొస్తోంది. మర్నాడు సైప్రస్ దాకా విమానం, అక్కణ్ణించి పడవలో బేరూత్‌కి ప్రయాణం. యుద్ధం ఎలాగూ ఉంది, ఇప్పుడు అక్కడ డబ్బుకి విలువే పోయిందట. బడిపంతులైన తమ్ముడి నెల జీతానికి నాలుగు పాల డబ్బాలు కూడా రావట. అతనికి కవలలు, నెలల పిల్లలు. వాళ్ళ కోసం పన్నెండు డబ్బాల పాలపొడి మోసుకెళ్తోంది. తీరా అక్కడ తూచి చూస్తే సూట్‌కేస్ బరువు అయిదు పౌన్లు ఎక్కువైంది. ఎన్ని డబ్బాలు తీసెయ్యాలో తేలక మొహం వేలాడేసుకుంది.

ఇండియా ప్రయాణమంటే మా వీధిలో అందరి పెట్టెలూ సర్దేది నేనే. ఆగుతానా? రేకు డబ్బాలు పారేసి, పొడిని ప్లాస్టిక్ సంచుల్లో పొయ్యమన్నాను. మా కారప్పొడి, కందిపొడి వచ్చేది అలాగేగా మరి.

సల్మా పగలబడి నవ్వింది. "అక్కడ అడుగడుక్కీ సైనికులు తుపాకులతో నిలబడతారమ్మా. పేరులేని తెల్లపొడి సంచులు చూస్తే నన్ను వదుల్తారా?"

నా తెలివి తెల్లారినట్టే ఉంది! సరే, డబ్బాల జోలికి పోకుండా రెండు సీట్ల మీదా పెట్టె విప్పి పరిచాం. బూట్ల అట్టపెట్టెలు తీసేశాం. సబ్బులు చేతిసంచిలోకి మార్చాం. పెట్టెలోని కోట్లు రెండూ ఒంటిమీదే వేసుకుని విమానం ఎక్కమన్నాను. ఎలా ఉంటుందో చూద్దామని అప్పుడే తొడుక్కుని, చెమటలు కక్కుతూ నా పులిహోర తింది. డియర్‌బార్న్‌లో ఇద్దరం దిగితే, వాళ్ళాయన యూసుఫ్ ఆ కోట్లలో ఆవిణ్ణి పోల్చుకోలేక పక్కనుంచే వెళ్ళిపోయాడు. సుజాత కార్లో కూర్చున్నాక కూడా నా నవ్వు ఆగలేదు.

సుజాత వంటలు తింటూ వారం గడిపినా పాల డబ్బాల మీదే నా మనసు. తిరుగు రైలెక్కే ముందు సల్మా రాసిచ్చిన నంబరుకి స్టేషన్ నుంచి యూసుఫ్‌కి ఫోన్ చేశాను.

"పది చేరాయి" అన్నాడు.

మిగతా రెండూ లాక్కున్నారా అని అడిగాను.

"లేదండీ. దారిలో ఓ సైనికుడు పెట్టె తెరిచి చూసి, తుపాకీ పక్కన పెట్టి, 'మా ఇంట్లోనూ పసివాడున్నాడక్కా, ఒకటి ఇస్తావా' అని అడిగాడట. సల్మా రెండిచ్చింది."

రైలు కదిలాక ఏడుపొచ్చింది. పది చేరినందుకు సంతోషమూ వేసింది. సల్మా చోట నేనున్నా రెండే ఇచ్చేదాన్ని.