బాతు టోపీలో నీటికోడి

ఏటిగట్టు కాపలాదారుని అందరూ ఈల బాబాయ్ అంటారు. ఏట్లో ఎవరు ప్లాస్టిక్ సంచి పడేసినా, పిట్టల గూళ్ళ దగ్గర ఎవరు పడవ ఆపినా చెవులు చిల్లులు పడేలా ఈల ఊదుతాడు. "గూటికి పదడుగుల దూరం! మనిషైనా, మంత్రైనా!" అన్నది ఆయన సొంతంగా పెట్టిన నియమం. బోర్డు కూడా తనే రాసి, తనే పాతాడు.

అంతటి మనిషి నెత్తిన పసుప్పచ్చ ఉన్ని టోపీ ఉండేది. ముందు బాతు ముక్కు, వెనక తోక. ఏటా జరిగే తొక్కుడు పడవల పందెంలో ఆఖరున వచ్చినవాడు మళ్ళీ పందెం దాకా అది పెట్టుకుని గట్టున చెత్త ఏరాలి. పేరిచ్చి దిగకపోయినా ఓడినట్టే లెక్క. బాబాయ్ మోకాళ్ళ నొప్పుల పుణ్యమా అని ఆ టోపీ ఆయన సొంత ఆస్తి అయిపోయింది. అల్లింది ఆయన భార్యే. లెక్క తప్పి, అది టోపీకి ఎక్కువ, బుట్టకి తక్కువ అయింది.

గెలిచేదేమో ఎప్పుడూ ఆయన బామ్మర్ది, సైకిల్ షాపువాడు. ఒళ్ళు మండి ఈ ఏడు బాబాయ్ తన పడవకి కొత్త పెడళ్ళు బిగించాడు. ఇక గెలుపు తనదేనన్న ధీమాతో ముందురోజు సాయంత్రమే టోపీ తీసి పడవ సీటు మీదకి గిరాటేసి, పడవని రెల్లులో కట్టేశాడు. పందెం పొద్దున వెళ్ళి చూస్తే, టోపీలో నీటికోడి కూర్చుని ఉంది. దాని కింద ఓ గుడ్డు.

బాబాయ్ లెక్క వేసుకున్నాడు: గూడున్న పడవ కదలదు, పందెంలో దిగేది లేదు. ఇంకో ఏడాది ఆ ముక్కు, ఆ తోక! చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. టోపీతో సహా ఎత్తి గట్టున పెట్టేస్తే ఎవడు చూడొచ్చాడు? మెల్లిగా ఒక కాలు పడవలో పెట్టాడు. అంతే, అలవాటుపడ్డ చెయ్యి ఆయన్ని అడక్కుండానే ఈల తీసి నోట్లో పెట్టింది. ఈల కెవ్వుమంది. ఆ మోతకి ఉలిక్కిపడి తనే నీళ్ళలో పడ్డాడు. కోడి మాత్రం కదల్లేదు.

పందెం గెలిచిన బామ్మర్ది పొట్ట పట్టుకుని నవ్వుతూ వచ్చాడు.

"దిగకపోతే ఓడినట్టే బావా! ఏదీ, టోపీ పెట్టు!"

"రెల్లులో ఉంది. వెళ్ళి తెచ్చుకో."

వెళ్ళాడు. ఈల మోగింది. "పదడుగులు! బోర్డు చదవడం రాదట్రా?"

బామ్మర్ది బోర్డు చదివి, కోడిని చూసి, బుర్ర గోక్కున్నాడు. ఏళ్ళ తర్వాత బాబాయ్ నెత్తికి గాలి తగిలింది. ఆ రోజంతా ఆయన ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

మర్నాడు గట్టుమీద పిక్నిక్ జనం కవర్లు విసురుతుంటే ఈల ఊదాడు. ఒక్కడూ తిరిగి చూడలేదు. ఇంకా గట్టిగా ఊదాడు. ఒక పాప మాత్రం దగ్గరికొచ్చింది.

"తాతా, బాతు తాత ఇవాళ రాలేదా?"

"ఎందుకమ్మా?"

"ఆయనొస్తే ఇవన్నీ ఏరి ఇస్తాం. భలే ఉంటాడు."

జనం ఇన్నాళ్ళూ ఆగింది తన ఈలకే అనుకున్నాడు, పిచ్చిమారాజు. మనసు చివుక్కుమంది. మురిపెం కూడా కలిగింది. కవర్లన్నీ తనే ఏరుకుని ఇంటికెళ్ళాడు.

"ఏమే, ఉన్ని ఏమైనా మిగిలిందా?"

"దేనికండీ?"

"ఇంకోటి అల్లు. ముక్కు కాస్త పొడుగ్గా పెట్టు, దూరం నుంచే కనపడాలి."

భార్య నవ్వాపుకుంటూ సూదులు తీసింది. "ఈసారైనా మీ తలకి సరిపడా అల్లనా?"

"వద్దు వద్దు, పాత కొలతే ఉండనీ. వచ్చే ఏడు కోడి వచ్చి ఇరుగ్గా ఉందని అలిగి వెళ్ళిపోతే?"