నలభై చీపుళ్ళ నాడీమండలం

పొయ్యి మీద మరుగుతున్న మా కొండ కాఫీ సాక్షిగా చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరం నిజం. (నేనిలా ప్రమాణం చేసినప్పుడల్లా మా ఆవిడ వంటింట్లో గిన్నె చప్పుడు చేస్తుంది. మీరు పట్టించుకోకండి.) ఆ రోజుల్లో అరకు పైన కొండల్లో ఆశ్రమ పాఠశాలకు కాంట్రాక్టు సైన్సు మాష్టారంటే, ఏడాదంతా పాఠాలు చెప్పి, చివర్లో తనిఖీకి వచ్చే ఆఫీసరు తల వైపు చూస్తూ నిలబడేవాడని అర్థం. ఆ తల నిలువుగా ఊగితే మరో ఏడాది ఉద్యోగం, అడ్డంగా ఊగితే మధ్యాహ్నం బస్సుకి పెట్టె సర్దుకోవడం. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. మైదానం నుంచి వచ్చినవాణ్ణే గానీ ఆ కొండలూ ఆ పిల్లలూ ఎంత నచ్చేశారంటే, ఘాట్ రోడ్డు దిగాలన్న తలంపుకే కళ్ళు చెమర్చేవి. పిల్లలు నాకు ‘కోతల మాష్టారు’ అని పేరు పెట్టారు. చాక్‌పీసు విసిరి ఎలుగుబంటిని తరిమానని చెప్పిన మర్నాడే.

ఆ ఏడు తనిఖీకి నాడీకణం నమూనా చూపించాలి. మా హెడ్ మాష్టారు (మే నెలలోనూ మఫ్లరు తియ్యని మనిషి) అడిగినప్పుడల్లా “రెడీ అండీ” అన్నాను. నిజానికి థర్మాకోల్ ముక్క కూడా లేదు. ముందురోజు సాయంత్రం పాఠ్యపుస్తకం పట్టుకుని వంటశాల వెనక కూలబడితే, అక్కడ మా వంట పెద్దమ్మ సంతకి కొండచీపుళ్ళు కడుతోంది.

“ఏటి బాబూ, అలగ కూకున్నావు? కడుపు నొప్పా?”

“మెదడు నొప్పి పెద్దమ్మా” అని బొమ్మ చూపించాను. ఆమె పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి, “ఇదేటి, మా సీపురే గదా! కుచ్చు, ముడి, పిడి. దీనికి పట్నం సామానెందుకు?” అంది.

చూస్తే నిజమే. కబురు అందుకునే సన్నని కొమ్మలు కుచ్చు, కణం ఒళ్ళు ముడి, కబురు అవతలికి పంపే పొడవాటి తీగ పిడి. ఎగిరి గంతేశాను. “సంతకి కట్టినవి నలభయ్యున్నాయి, అట్టుకుపో. ఇరగ్గొట్టీకు” అని మొత్తం మోపు ఇచ్చేసింది.

ఒక్క కణం చూపిస్తే గొప్పేముంది? తెల్లారేసరికి గేటు నుంచి క్లాసు దాకా నలభైమంది పిల్లల్ని వరసగా నిలబెట్టాను. ఒకడి చీపురు పిడి పక్కవాడి చీపురు కుచ్చులోకి. గేటు దగ్గరి కుచ్చుకి ఏదైనా తగిలితే ఆ తాకిడి పిడి నుంచి కుచ్చుకి, కుచ్చు నుంచి పిడికి ప్రయాణించి, క్లాసులో గంట మోగాలి. “గేట్లోంచి ఎవరొచ్చినా సరే, కుచ్చుతో తాకాలి” అని గేటు దగ్గర చీపురు పట్టుకున్న గుంటపిల్లతో చెప్పాను. మొదట హెడ్ మాష్టారి మీద ప్రయోగించాలని నా ఉద్దేశం. గంట పక్కన కాచుక్కూచున్నాను. గంట మోగింది! నలభై గొంతులు “తగిలింది సార్!” అన్నాయి. ఆనందం పట్టలేక నేనూ అరిచాను: “భేష్! ఇంకోసారి!”

ఇంకోసారీ తగిలింది. బయటికొచ్చి చూస్తే గేట్లో నిలబడ్డది ఆఫీసరు గారు, చెప్పిన వేళకి గంట ముందు.

మా వైపు మనిషికి చీపురు తగిలించడమంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. కొండ పిల్లలకి అదేం తెలుసు? వాళ్ళకి చీపురు పంట. మిరియాలూ కాఫీ గింజలూ ఎలాగో అదీ అలాగే. తెలిసి తెలిసి మరిచిపోయిన వెధవని నేనొక్కణ్ణే.

“ఇన్నేళ్ళ సర్వీసులో ఎన్నో స్కూళ్ళు చూశాను” అన్నారాయన, మీసంలోంచి పుల్ల తీసుకుంటూ. “చీపురుతో ఒకటికి రెండుసార్లు కొట్టించిన స్కూలు ఇదే. ఎవరిదయ్యా ఈ బుర్ర?”

నలభై చీపుళ్ళూ నా వైపు తిరిగాయి. హెడ్ మాష్టారు మఫ్లరు మూతి దాకా లాక్కుని “సంపేసినావు గదయ్యా నన్ను!” అన్నారు. మధ్యాహ్నం బస్సు హారను నా చెవుల్లో అప్పుడే మోగింది.

అయినా తొణకలేదు. ఒక్కడుగు ముందుకేసి గంభీరంగా మొదలుపెట్టాను. “అయ్యా, నాడీకణానికి కొమ్మలెలా ఉంటే పని అలా ఉంటుంది. కంట్లో ఒక రకం కణం ఉంది, దానికి అటొక కొమ్మ, ఇటొక కొమ్మ. ఇటు అందుకున్నది అటు అందించడమే దాని పని. చిన్నమెదడులో ఇంకో కణం ఉంది, దాని కొమ్మలు విసనకర్రలా పరుచుకుంటాయి. లెక్కలేనన్ని చోట్ల నుంచి కబుర్లు విని, మనం తూలి పడకుండా చూసే పనిలో దానికీ భాగముంది. అన్నేసి కబుర్లు వినాలంటే అన్నేసి కొమ్మలుండాలి కదండీ!” ఆయన కోపం మంచులా విడిపోయింది. పకపకా నవ్వి, తానూ ఒక చీపురందుకుని వరసలో నిలబడి, ఇంకో నాలుగుసార్లు గంట మోగించారు. తల నిలువుగా ఊగింది. బస్సు నేను లేకుండానే దిగింది.

ఇక ఒప్పుకోలు. మీరు నమ్మని నలభై చీపుళ్ళూ నిజమే, రెండుసార్లు తగలడమూ నిజమే. నమ్మిన ఆ ఉపన్యాసమే కల్పన. “ఎవరిదయ్యా ఈ బుర్ర” అనగానే నేను క్లాసులోకి పరిగెత్తి బల్ల కింద దూరాను. మాట్లాడింది వంట పెద్దమ్మ. గరిటె పక్కన పెట్టొచ్చి, “కోపం సెయ్యకు బాబూ, కళ్ళు మూసి సెయ్యి సాపు” అని ఆయన అరచేతిలో మొదట వాకిలి చీపురు, తర్వాత కొండచీపురు ఆనించింది. “ఈ ఈనెల సీపురుకి పుల్లకి పుల్లే, కొమ్మల్లేవు. రాయీ రప్పా ఊడుత్తాది. కొండసీపురుకి కొమ్మకి కొమ్మ, దానికి మళ్ళీ కొమ్మ. పిండిలాటి దుమ్ముని కూడా ఒగ్గదు. ఒక్క పోస కదిల్తే పిడికి తెల్దు బాబూ, కుచ్చంతా కదిల్తే తెలుస్తాది. నీ తలకాయలోనా అంతేనట, మా మాష్టారు సెప్పినాడు.”

ఆయన నవ్విందీ, తల నిలువుగా ఊపిందీ ఆ మాటలకే. నిజానికి అది నేను చెప్పలేదు. అప్పటిదాకా నాకా బొమ్మలో భాగాల పేర్లే తెలుసు. ఆ ఆకారం ఎందుకో ఎన్నడూ అడగలేదు. కన్నూ చిన్నమెదడూ ఆ రాత్రి పుస్తకాల్లో వెతుక్కున్నవి. ఇన్నేళ్ళుగా ప్రతి కొత్త క్లాసులోనూ ఆ ఉపన్యాసం అంతే గంభీరంగా ఇస్తున్నాను. బల్ల కిందనుంచి ఇరవై నాలుగేళ్ళ కుర్రాడొకడు తల బయటపెట్టి, “మాష్టారూ, బాగా కోస్తున్నారు” అని నవ్వుతాడు. నేనూ నవ్వేసి, నాడీకణం బొమ్మకి ఇంకో కొమ్మ గీస్తాను.