యాదమ్మ రాసిన వ్యాసం

మణికొండలో నేను తెలుగు చెప్పే బడిలో, స్టాఫ్ రూమ్ మిషన్‌లోంచి అప్పుడే వచ్చిన జిరాక్స్ కాగితాలకి ఒక కమురు వాసన ఉంటుంది. ప్రతి పరీక్షకీ ముందు వాటిని పిల్లలకి పంచుతాను. వాటి మీద నమూనా వ్యాసం ఉంటుంది. పిల్లలు దాన్ని బట్టీపట్టి, పరీక్షలో ఉన్నదున్నట్టు దించి, మార్కులు తెచ్చుకుంటారు. నలభై పేపర్లు దిద్దినా ఒకే పేపరు నలభైసార్లు దిద్దినట్టు ఉంటుంది. నేను నేర్చుకున్నది ఇలా కాదు.

మా నాన్నగారు గుంటూరు వైపు నుంచి బదిలీ మీద వచ్చిన గుమస్తా. ఈ బడికి దగ్గర్లోనే, ఖాజాగూడలో రెండు గదులు కిరాయికి తీసుకున్నారు. అప్పటికి అది ఇంకా పల్లెటూరే. వానలు తగ్గుముఖం పట్టాక బండల సందుల్లో సీతాఫలాలు కళ్లు విచ్చేవి, చెరువు మీది గాలి నాచు వాసన మోసుకొచ్చేది, బతుకమ్మ దగ్గరపడేకొద్దీ గుట్ట చుట్టూ తంగేడు పచ్చగా విరగబూసేది. బడిలో నా పక్కన కూర్చునే యాదమ్మే నన్ను ఆ బండలన్నీ ఎక్కించింది. వాళ్ల నాన్న రాళ్లు కొట్టేవాడు. సద్దుల బతుకమ్మ రోజున వాళ్లమ్మ రొట్టెల్లో బెల్లం, నెయ్యి వేసి నలిపిన మలీద ముద్దలూ నువ్వుల సత్తుపిండీ మోదుగాకులో పెట్టిచ్చేది. చేతులు నాక్కుంటూ ఇంటికెళితే మా అమ్మ, "తింటే తిన్నావు గానీ, ఆ యాస మాత్రం నేర్చుకోకే" అనేది.

మా తెలుగు టీచర్ సుశీలగారు పాత పిల్లలు రాసిన వ్యాసాలు ఒక గుడ్డసంచిలో దాచేవారు. వారానికొకటి తీసి చదివేవారు. ఒకసారి ఎవరో అమ్మాయి తమ మేక ఈనిన రోజు గురించి రాసింది చదివి, కాగితం బోర్లించి, "ఏం యాదికున్నది?" అని అడిగారు. మేకపిల్ల చెవులు తడితడిగా ఉండటం అన్నాన్నేను. అన్నీ వదిలేసి అదే ఎందుకు గుర్తుందో చెప్పమన్నారు. నేను యాదమ్మ వైపు చూశాను. "గది ఆ పిల్ల కండ్లార చూసింది, గందుకు. నువ్వు చూసింది నువ్వు రాయి" అన్నారు. ఆ సంచిలోకి తన కాగితం కూడా చేరాలని యాదమ్మకి ఎంతో ఆశ.

మేం ఎనిమిదో తరగతికి వచ్చేసరికి ఆవిడ రిటైరయ్యారు. కొత్తగా వచ్చిన సారు 'శ్రమజీవి' మీద వ్యాసం రాయించి, మర్నాడు ఒక నోటుబుక్కు నా చేతికిచ్చారు. క్లాసులో నా ఉచ్చారణ బాగుంటుందని పేరు. "వ్యాసం ఎలా రాయకూడదో ఇదే నమూనా. చదువమ్మా" అన్నారు. పేరు చెప్పలేదు. అక్షరాలు చూడగానే యాదమ్మవని నాకు తెలిసిపోయింది.

"మా నాయిన బండ కొట్టేముందు దానిమీద చెయ్యి పెడ్తడు. యాడ పల్గుతదో బండనే చెప్తదంట. ఇంట్ల గట్టిగ మాట్లాడ్తడు. కోపం కాదు, చెవులు ఇనరావు."

మామూలుగా చదివేస్తే పోయేది. సారు నవ్వుతున్నారని చూసి, ప్రతి 'పెడ్తడు'నీ ప్రతి 'చెప్తదంట'నీ సాగదీసి చదివాను. క్లాసంతా నవ్వింది. యాదమ్మ కూడా నవ్వుతున్నట్టే పెదాలు పెట్టి, బల్లవైపు చూస్తూ కూర్చుంది.

బడి వదిలాక, "నేనే రాసిన్నని నీకు తెల్సా?" అని అడిగింది.

తెలీదన్నాను.

"పోనీ తియ్" అంది.

ఆ తర్వాత యాదమ్మ, సారు బోర్డు మీద రాసిన వ్యాసాలు పొల్లు పోకుండా దించడం మొదలుపెట్టింది. బాగుపడిందని సారు మెచ్చుకున్నారు కూడా.

ఇప్పుడు యాదమ్మ ఆఫీసుల ముందు జొన్నరొట్టెలు చేసి అమ్ముతుంది. వాళ్లమ్మాయి శ్రావణి నా క్లాసులోనే ఉంది. మొన్న పేరెంట్స్ మీటింగ్‌కి వచ్చి, "మా పిల్ల నీ కాగితం మొత్తం నోటికి చెప్తది. మంచిగ నేర్పుతున్నవ్" అంది. ఎత్తిపొడుపేమోనని ముఖంలోకి చూశాను. కాదు, నిజంగానే సంతోషపడుతోంది.

"మీ నాన్న మీద నువ్వు రాసింది యాదుందా?" అని అడిగాను.

"నేనేం రాసిన? నాకు రాయొస్తదా?" అంది.

మర్నాడు శ్రావణిని పిలిచి, కాగితం చూడకుండా, రాళ్లు కొట్టిన మీ తాత గురించి రాసుకురమ్మన్నాను. "దానికి మాడల్ ఎస్సే ఇస్తారా మేడం?" అంది.

రాసిద్దామనే కూర్చున్నాను. ఆయన సమ్మెట ఎత్తిన చోట ఇవాళ అద్దాల మేడలున్నాయి, సీతాఫలం చెట్టు ఒక్కటీ లేదు, సుశీల టీచర్ సంచి ఏమైందో చెప్పేవాళ్లూ లేరు. యాదమ్మ మాటలు తప్ప ఆయన గురించి నాకేం తెలుసో వెతుక్కున్నాను. కలం పెట్టగానే, 'దేశ ప్రగతికి వెన్నెముక శ్రామికుడు' అని వచ్చింది. కొట్టేసి మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ అలాంటిదే వచ్చింది.

మర్నాడు దాన్నే ఇచ్చాను. శ్రావణి శుభ్రంగా నోటుబుక్కులోకి ఎక్కించుకుంది.