గిన్నెడు తుమ్మిపూలు

మొన్న కోరుకొండ మెట్ల పక్కన, రాళ్ళ సందుల్లో తుమ్మిపూలు చూసి ఆగిపోయాను.

నాకప్పుడు ఏడేళ్ళు. కొండ కిందే మా ఇల్లు. చంటి తమ్ముడికి ఊపిరాడటం లేదు. రాజమండ్రి ఆసుపత్రిలో ఇంటికి తీసుకుపొమ్మన్నారు. నాయనమ్మ నా చేతికి గిన్నె ఇచ్చి, "తుమ్మిపూలు కోసుకురామ్మా, తమ్ముడి దగ్గుకి మంచిది. గిన్నె నిండాకే రా," అంది.

అవి గింజంత పూలు. గిన్నె ఎంతకీ నిండలేదు. వేళ్ళకి ఘాటు వాసన పట్టింది. సగం గిన్నెతోనే పరిగెత్తుకొచ్చాను. అమ్మ ఒళ్ళో తమ్ముడు కదలడం లేదు.

"ఆలస్యమైపోయిందా అమ్మా?" అని ఏడ్చాను.

"లేదమ్మా, నువ్వేం ఆలస్యం చెయ్యలేదు," అంటూ అమ్మ కొన్ని పూలు వాడి గుప్పిట్లో పెట్టింది.

త్వరగా వచ్చుంటే బతికేవాడని ఏళ్ళ తరబడి కుమిలిపోయాను. వాడి ఆఖరి ఊపిరి నా కంట పడకూడదనే నాయనమ్మ నన్ను బయటికి పంపిందని, నాకు పిల్లలు పుట్టాకే తెలిసింది.